తొమ్మిది వేల గుర్రాలు

కనిగిరి,
ఆగస్టు

క్రిస్టీ,

మన బొమ్మల కథ ‘ఎదురుగాయం’ పుస్తకంగా రాబోతోంది. హైదరాబాదులో మొహిద్దీన్ బాషా గారని ఒక పబ్లిషరు మనం నెట్‌లో పెట్టిన భాగాలన్నీ చదివి నాకు ఫోన్ చేశారు. ఆఖరి భాగం పూర్తి చేసి ఇస్తే మొత్తం కలిపి వేస్తామన్నారు. స్కూల్లో తొమ్మిదో తరగతికి సమాసాలు చెబుతున్నాను అప్పుడు. ఫోన్ పెట్టేశాక ద్విగువుకి ఉదాహరణ ఒక్కటీ గుర్తురాలేదు.

ఇంత పెద్ద సంగతి ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఈ కథ గురించి ఫోన్లో మొదలుపెడితే మనకు తగువే. గుంటూరు హాస్టల్లో ఒకే గదిలో ఉండి కూడా చీటీలు రాసుకున్నవాళ్లం. బొమ్మల పార్సిల్లో ఉత్తరం పెట్టుకోవడమే మనకు క్షేమం.

ఆయనకు బాగా నచ్చింది మన నియమం. మన లోకంలో ఎవడైనా కత్తి దూస్తే, ఆ గాయం ఎదుటివాడికి కాదు, కొట్టినవాడు అందరికన్నా ఎక్కువగా ప్రేమించే మనిషికి తగులుతుంది, ఆ మనిషి ఎంత దూరాన ఉన్నా సరే. యుద్ధంలో గెలిచి ఇంటికొచ్చిన సైనికుడు పెళ్లాం ఒంటి మీద తన కత్తిగాటు చూసుకుంటాడు. ఎవరినీ ప్రేమించనివాడు కొడితే మాత్రం దెబ్బ సూటిగా ఎదుటివాడికే. అందుకే నిర్మోహరాజు అనాథ పిల్లల్ని తెచ్చి, ప్రేమ అంటే ఏమిటో తెలియకుండా పెంచి సైన్యం కట్టాడు. “జపాన్ మాంగా బొమ్మల కథల్లో కూడా ఇలాంటిది చూడలేదమ్మా” అన్నారు బాషా గారు.

ఫిబ్రవరి నెలాఖరుకి ఆఖరి యుద్ధం ఇవ్వాలి. నేను ఆలోచించి పెట్టాను. నల్లరేగడి మైదానం, కుండపోత వాన, రాజు వైపు తొమ్మిది వేల గుర్రాలు, ఇటు అతనికి ఎదురు నిలిచిన మన రవ్వ ఒక్కతే. రెండు పేజీల నిండా ఒకే బొమ్మ.

బొమ్మల మీద ఈసారి కొంచెం ఎక్కువ శ్రద్ధ పెడదాం. సరేనా?

నీ
నస్రత్


వేటపాలెం,
సెప్టెంబరు

నస్రత్‌కి,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. అమ్మకి కంటి ఆపరేషన్ అయింది, కాబట్టి చదివి వినిపించాల్సిందే. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని, “పుస్తకం మీద నీ పేరు కూడా ఏస్తారా?” అని మళ్లీ మళ్లీ అడిగింది. వేస్తారని చెప్పాను. వేస్తారు కదా?

సంతోషంగానే ఉంది. భయంగా కూడా ఉంది. ఇన్నాళ్లూ మన తప్పులు నెట్‌లో ఉన్నాయి, ఎవరైనా వేలితో పైకి తోసేస్తే పోయేవి. అచ్చులో అలా పోవు.

నీ యుద్ధం గురించి రెండు మాటలు. పర్చూరు వైపు మా మేనమామ చేను నువ్వు చూశావు. రేగడిలో వాన పడితే ట్రాక్టరే దిగబడుద్ది. అందులో గుర్రాలు దౌడు తీస్తాయా? పోనీ, తీస్తాయనుకుందాం. నాకు గుర్రాలు రావని నీకు తెలుసు. ఆరో భాగంలో నేను వేసిన గుర్రాన్ని చూసి ఎవరో గేదె అన్నారు.

రెండోది, మన నియమం ప్రకారం యుద్ధభూమిలో సగం మందికి దెబ్బే తగలదు. పడేవాళ్లు ఎక్కడో ఇళ్లల్లో పడతారు. మరి మైదానంలో నేను గీయాల్సింది ఏమిటి? ఇది నిన్ను రెండో భాగం నుంచీ అడుగుతున్నాను.

ఇంట్లో పని కొంచెం ఎక్కువగా ఉంది, అమ్మ ఇంకా లేచి తిరగడం లేదు కాబట్టి. అందుకని ఈసారి తక్కువ పేజీలు పంపుతున్నాను. చీరాల బస్టాండులో పార్సిల్ వేశాను, అందగానే చెప్పు.

క్రిస్టీనా


కనిగిరి,
అక్టోబరు

క్రిస్టీ,

పేజీలు అందాయి. ఎలా చెప్పాలో తెలియక రెండు సార్లు రాసి చింపేశాను. ఉన్నదున్నట్టు చెబుతాను, ఏమీ అనుకోవద్దు. ఇవి నీ బొమ్మల్లా లేవు. గీత వణుకుతోంది. రవ్వ కత్తి పట్టుకున్న చోట వేళ్లు వేళ్లలా లేవు, ముద్దలా ఉన్నాయి. వెనక నిలబడ్డ సైనికులకు ముఖాలే లేవు.

పోయిన భాగం కింద ఒకాయన రాసింది నువ్వూ చూసే ఉంటావు. “ఆలోచన ఆకాశంలో ఉంది, బొమ్మ ఇంకా ఇల్లు దాటలేదు” అని. నాకు రోజంతా అన్నం సహించలేదు. నువ్వు చూసి నవ్వేసి ఉంటావు. నీకు అలాంటివి అంటవు.

ఇంకొకటి కలిపాను. రాజుకు మద్దతుగా సముద్రం మీద నుంచి ఒక తెగ దిగుతుంది. వాళ్ల కవచాలు పీత డిప్పలతో చేసినవి. నీకు తీరం తెలుసు కాబట్టి తేలికే అనుకుంటాను. యుద్ధం ఇంకా పెద్దదవుతుంది.

నీకు దీని మీద ఇష్టం తగ్గిందా? తగ్గితే చెప్పు. ఎందుకు అడుగుతున్నానో నన్ను అడగకు, నాకు ఆందోళనగా ఉంది, అంతే. బాషా గారు వారం వారం ఫోన్ చేస్తున్నారు.

నస్రత్


వేటపాలెం,
నవంబరు

నస్రత్‌కి,

ఇష్టం తగ్గలేదు.

నువ్వు ‘తొమ్మిది వేల గుర్రాలు’ అని ఒక్క ముక్క రాసి టీ తాగడానికి లేస్తావు. ఆ గుర్రాలన్నీ నేను గీయాలి. ఇప్పుడు పడవలు, పీత డిప్పలు. నీకు ఖర్చయ్యేది ఒక వాక్యం.

వేళ్లు గీయడం నాకు ఈమధ్య కష్టంగా ఉంది. మళ్లీ కుదురుతుంది. ఆ పేజీలు తిరిగి వేసి పంపుతాను.

ఒక్క సంగతి చెప్పు. ఇది ఎలా ముగుస్తుంది? రవ్వ ఒక్కతే, అవతల అంత సైన్యం. ఎలా గెలుస్తుంది? ఆఖరి పేజీలో ఏముంటుందో తెలిస్తే ముందున్న పేజీలు ఎంత ఉండాలో నాకు తెలుస్తుంది. వెనకటి భాగాలప్పుడూ మూడుసార్లు అడిగాను. ప్రతిసారీ నువ్వు ఇంకో సైన్యాన్ని దింపావు.

అమ్మకు చూపు నెమ్మదిగా వస్తోంది. నిన్ను అడిగానని చెప్పమంది.

క్రిస్టీనా


కనిగిరి,
డిసెంబరు

క్రిస్టీ,

ముగింపు నా మనసులో ఉంది. ఇంకా మాటల్లోకి రాలేదు. వచ్చాక ముందు నీకే చెబుతాను. నువ్వు యుద్ధం మొదలుపెట్టు.

మొన్న సాయంత్రం దుర్గం కొండ ఎక్కాను, కోట గోడ మీద కూర్చుంటే ఏమైనా తడుతుందేమోనని. కింద ఊరంతా కనబడుతోంది, మా అబ్బా కుట్టు మిషను కొట్టు కూడా. ఏమీ తట్టలేదు. గాలికి కాగితాలు ఎగిరిపోతుంటే వాటి వెంట పరుగెత్తడంతోనే సరిపోయింది.

నువ్వు తిరిగి వేసి పంపిన పేజీలు మొదటివాటికంటే నయం. ఇంకా బాగుండాలి. నిన్ను బాధపెట్టాలని కాదు.

ఒక చిన్న పని. రవ్వవీ రాజువీ ముందు, వెనక, పక్క బొమ్మలు నువ్వు మొదట్లో వేసుకున్నావు కదా, కొలతలతో సహా. ఆ షీట్లు ఫోటో తీసి పంపు. ఒక కాపీ నా దగ్గర కూడా ఉంటే మంచిది.

నస్రత్


వేటపాలెం,
జనవరి

నస్రత్‌కి,

నిన్న మధ్యాహ్నం నాకు ఒక ఫోన్ వచ్చింది. కొత్త నంబరు. ప్రేమ్‌చంద్ అట, హైదరాబాదులో బొమ్మలు వేస్తాడట, సొంతూరు అద్దంకి అట. చాలా మర్యాదగా మాట్లాడాడు.

“మేడమ్, రవ్వ ఎడమ కంటి కింద మచ్చ పుట్టుమచ్చా, గాయమా? మీ షీటులో ఒకచోట ఉంది, ఒకచోట లేదు,” అన్నాడు.

ఏ షీటని అడగబోయి ఆగాను. అతనే చెప్పాడు. ‘ఎదురుగాయం’ ఆఖరి భాగం తను వేస్తున్నాడట. బాషా గారు ఆగస్టులోనే అడిగారట, అప్పుడు ఖాళీ లేక ఇప్పుడు ఒప్పుకున్నాడట. కథ రాసినావిడకు అన్నీ తెలుసని, పాత ఆర్టిస్టు కూడా సహకరిస్తారని చెప్పారట. పాత ఆర్టిస్టు అంటే నేను.

నేను ఏమీ తెలియనట్టు మాట్లాడలేదు. అన్నీ తెలిసినదానిలాగే మాట్లాడాను. అది గాయం కాదండీ, రవ్వ వాళ్లమ్మ కాటుక పెట్టబోతే వేలు జారి గోరు గీసుకుపోయిందని చెప్పాను. ఆ సంగతి మనం ఏ భాగంలోనూ రాయలేదు, నా ఒక్కదానికే తెలుసు. “ఇది చాలా బాగుంది మేడమ్,” అని రాసుకున్నాడు. జడ ఎటు వేసుకుంటుందో, కత్తి ఏ చేత్తో పడుతుందో అన్నీ అడిగాడు. అన్నీ చెప్పాను. థాంక్స్ చెప్పి పెట్టేశాడు.

ఆగస్టులోనే నీకు తెలుసు. ‘కొంచెం ఎక్కువ శ్రద్ధ’ అన్నప్పుడు తెలుసు. పేజీలు తిరిగి వేయించినప్పుడు తెలుసు. షీట్లు ఎందుకు అడిగావో నాకు ఇప్పుడు తెలిసింది.

ఈసారి పార్సిల్లో పేజీలు లేవు.

క్రిస్టీనా


కనిగిరి,
జనవరి

క్రిస్టీ,

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. కాబట్టి ఇక్కడే చెబుతాను.

ఆగస్టులో బాషా గారు రెండు మాటలు అన్నారు. నీకు మొదటి మాటే రాశాను. రెండోది, “ఆలోచన గొప్పది, బొమ్మ దాన్ని మోయలేకపోతోంది, ఆర్టిస్టుని మారుద్దాం” అని. నేను ఒప్పుకోలేదు. గడువు ఇవ్వండి, తను వేస్తుంది అన్నాను. సరే, ఫిబ్రవరి దాకా చూద్దాం, కుదరకపోతే మార్చే హక్కు మాకుంటుంది అన్నారు. దాని మీద సంతకం పెట్టాను. నీకు చెబితే చెయ్యి బిగుసుకుపోతుందని, చెప్పకుండా నీతో బాగా వేయించాలని అనుకున్నాను. డిసెంబరులో పేజీలు చూపిస్తే ఆయన ఇక ఆగనన్నారు. అప్పుడైనా చెప్పాల్సింది. షీట్లు అడిగిన ఉత్తరం పోస్టు చేశాక కూడా, వెనక్కి తీసుకోవచ్చా అని ఆలోచిస్తూ డబ్బా పక్కనే నిలబడ్డాను.

ప్రేమ్‌చంద్ నమూనా పేజీలు పంపాడు. అవి బాగోలేవని నీకు రాయగలిగితే ఎంత బాగుండేది. బాగున్నాయి.

ఏదో ఒకటి రాయి. తిట్టయినా సరే.

నస్రత్


వేటపాలెం,
ఫిబ్రవరి

అమ్మాయి నస్రత్‌కు క్రిస్టీనా అమ్మ వీరమ్మ దీవెనలు. దేవుని కృప నీకు తోడుగా ఉండును గాక.

నేను ఐదో క్లాసు దాకా చదివినదాన్ని, తప్పులుంటే ఏమీ అనుకోవద్దు. ఈ ఉత్తరం రాస్తున్నట్టు క్రిస్టీనాకు తెలియదు. నీ ఉత్తరం చదివి బైబిల్లో పెట్టింది గానీ జవాబు రాయలేదు. నీ మీద కోపం వల్ల అని నువ్వు అనుకుంటావు. కోపం ఉంది. కానీ రాయలేకపోవడం కోపం వల్ల కాదు.

నేను జీడిపప్పు షెడ్డులో ఇన్నేళ్లూ పొట్టు తీసే పని చేశాను. కన్ను ఆపరేషన్ అయ్యాక నా చోటు పోకుండా అది వెళ్లింది. పొట్టు దగ్గర ఖాళీ లేదని పిక్క కోసే దగ్గర కూర్చోబెట్టారు. నేను వద్దన్నాను, వినలేదు. పిక్క కోస్తే జీడి సొన చిమ్ముద్దమ్మా. ఆముదం రాసుకున్నా ఆగదు. చేతి తొడుగులు వేసుకుంటే పని సాగదని తీసేసేది. సెప్టెంబరు నుంచి దాని వేళ్లు నల్లబడి తోలు ఊడుతున్నాయి. ఆ చేత్తోనే తెల్లారగట్ల నీ బొమ్మలు వేసేది. పెన్ను జారిపోతుంటే గుడ్డ చుట్టుకుని వేసేది. నీకు చెప్పమంటే, “చెబితే అది యుద్ధం తగ్గిస్తుంది, నా వల్ల కథ చిన్నదవడం నాకు ఇష్టం లేదు,” అనింది.

ఇప్పుడు కుడిచేతి చూపుడువేలి చివర స్పర్శ లేదు. చీరాల డాక్టరు గారు ఆ పని మాన్పించారు. మిగతావి మానతాయి, ఆ వేలి సంగతి చెప్పలేనన్నారు.

నిన్ను నిందించడానికి రాయలేదు. తెలియక నువ్వు బాధపడుతున్నావు, తెలిసి అది బాధపడుతోంది. ఒకసారి రా తల్లీ.

వీరమ్మ


కనిగిరి,
మార్చి

క్రిస్టీ,

ఇంటికి చేరాను. ఒంగోలు దాటిందాకా ఏడవలేదు, ఆ తర్వాత బస్సులో పక్కావిడ మంచినీళ్లిచ్చింది. దారిపొడవునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఏడ్చేవాళ్లకు అక్కడ మంచి సాకు, ఘాటు అనుకుంటారు.

గుమ్మంలో నన్ను చూడగానే నువ్వు చేతులు చున్నీ కింద పెట్టుకున్నావు. అది నేను మర్చిపోలేను. నీ చేతులు చూపించమని అడిగే ధైర్యం అన్నం తినేటప్పుడు గానీ రాలేదు, నువ్వు స్పూనుతో తింటుంటే. చూపించావు. ముద్దలా ఉన్నాయని నేను రాసిన వేళ్లు అవి.

ముగింపు మనసులో ఉందని నీకు రాశాను. లేదు. ఎప్పుడూ లేదు. అది తెలియక భయమేసినప్పుడల్లా ఇంకో సైన్యాన్ని పిలిచాను.

ఇవాళ బాషా గారికి మెయిలు పంపాను. పుస్తకం వద్దు, ఒప్పందం రద్దు చేయండి అని. నీ చెయ్యి లేకుండా నాకు ఆ పుస్తకం అక్కర్లేదు.

నస్రత్


వేటపాలెం,
మార్చి

నస్రత్‌కి,

అక్షరాలు పెద్దవిగా ఉంటాయి, సర్దుకో. చూపుడువేలు వదిలేసి మిగతా వేళ్లతో రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి నాకు జనవరిలో కంటే ఎక్కువ కోపం వచ్చింది. నిన్ను త్యాగం చేయమని ఎవరడిగారు? అప్పుడూ నన్నడగకుండా సంతకం పెట్టావు, ఇప్పుడూ నన్నడగకుండా రద్దు చేశావు. ఆ కథ నీ ఒక్కదానిదా? నా వేళ్లు అందులో ఉన్నాయి. అది అచ్చు కాకుండా పోతే నాకు మిగిలేది వేళ్లే.

నేనే బాషా గారికి ఫోన్ చేశాను. ఆవిడ తొందరపడింది, ఆ మెయిలు లెక్కలోకి తీసుకోవద్దని చెప్పాను. ఆయన ముందు సరేనన్నారు. తర్వాత మెల్లగా, మొదటి భాగాలు కూడా ప్రేమ్‌చంద్‌తోనే మళ్లీ వేయిస్తేనే పుస్తకం ఒక తీరుగా ఉంటుందన్నారు. మింగడానికి కష్టమైంది. ఒప్పుకున్నాను. రెండు షరతులు పెట్టాను. కథ మీద ఇద్దరి పేర్లూ ఉండాలి, ప్రతి పేజీ అచ్చుకు ముందు నేను చూడాలి. “మీరు బాగా బేరమాడతారమ్మా,” అన్నారు. ఒప్పుకున్నారు.

ఇక ముగింపు. నువ్వు బస్సెక్కి వెళ్లాక నీ పదకొండు భాగాలూ మొదటి నుంచి చదివాను, వేసేదానిలా కాకుండా చదివేదానిలా. నీకు ఒక సంగతి తెలుసా? నిర్మోహరాజు ఒక్కసారి కూడా ఎవరినీ తన చేత్తో కొట్టలేదు. ప్రతిసారీ పిల్లల్ని పంపాడు, గుర్రాల్ని పంపాడు, పడవల్ని పంపాడు. నువ్వు సైన్యాలు పెంచుకుంటూ పోయావు కాబట్టి అతనికి కొట్టే అవసరమే రాలేదు. లోకమంతా అతను ఎవరినీ ప్రేమించడు అనుకుంటోంది. అది నిజమైతే అతనే అందరికంటే గొప్ప యోధుడు కావాలి, ముందుండి నరకాలి. ఎందుకు కొట్టడు? అతను ఒకరిని ప్రేమిస్తాడు. తనని తాను. కొడితే గాయం ఎక్కడ తెరుచుకుంటుందో అతనికి తెలుసు.

కాబట్టి రవ్వ గెలవక్కర్లేదు. అతనికి ఒళ్లు మండేలా చేసి, అతని చేత ఒక్క దెబ్బ కొట్టించుకుంటే చాలు. మైదానం వద్దు, వాన వద్దు. గుర్రాలు ఒక్కటి కూడా వద్దు. ఒక గది, ఇద్దరు మనుషులు. ఆమె ఏం మాట్లాడితే అతను చెయ్యెత్తుతాడో నువ్వు రాయి. అది నాకు రాదు, నీకే వచ్చు.

త్వరగా రాయి. ప్రేమ్‌చంద్ ఇప్పటికే గుర్రాలు మొదలుపెట్టాడట, ఆపమని చెప్పాలి.

క్రిస్టీనా


కనిగిరి,
జూలై

క్రిస్టీ,

పుస్తకం పంపుతున్నాను. నా కాపీ ఇంకా పూర్తిగా తెరవలేదు, నీ మాట వచ్చాక తెరుస్తాను. అట్ట మీద మన పేర్లు చూసి మా అబ్బా కొట్లో గాజు పెట్టెలో పెట్టుకున్నారు, చొక్కాల పక్కన.

గదిలోని ఆ మాటలు ఎన్నిసార్లు రాశానో నీకు తెలుసు, తిప్పి పంపింది నువ్వే. ఇంకా భయంగానే ఉంది. ఎలా ఉందో దాచకుండా చెప్పు.

నస్రత్


వేటపాలెం,
జూలై

నస్రత్‌కి,

పార్సిలు విప్పి ముందు అమ్మకిచ్చాను. పేరు మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదువుకుంది. తర్వాత నేను తలుపు వేసుకుని ఒక్కదాన్నే మొత్తం చదివాను.

దాచకుండా చెప్పమన్నావు. గుర్రాలు గుర్రాల్లా ఉన్నాయి. ఆరో భాగంలో రెండుసార్లు వెతికాను, నా గేదె లేదు అక్కడ. ప్రేమ్‌చంద్ రవ్వ నా రవ్వ కంటే అందంగా ఉంది, అంత అందం ఆమెకు అక్కర్లేదు. రెండు, మూడు భాగాల్లో నీ లోకం మరీ పెద్దది, చెప్పిందాంట్లో సగం మనం ఎక్కడా వాడుకోలేదు. ఎవరో ఒకరు అంటారు, అననీ. గది భాగం దగ్గర నేను ఆగకుండా పేజీలు తిప్పాను. రాజు చెయ్యెత్తిన చోట, తర్వాత ఏమవుతుందో చెప్పింది నేనే అయినా, ఆ పేజీ మళ్లీ మళ్లీ చదివాను. అది మన ఇద్దరం చేసిన పని.

వేళ్లు మానాయి. చూపుడువేలి చివర ఇంకా రాలేదు, రాదనే అనుకుంటున్నాను. సన్నగీత ఇక నాది కాదు. చర్చి పక్కన అంగన్‌వాడీ గోడ మీద బొమ్మలు వేయమన్నారు. పెద్ద బ్రష్షు, అరచేత్తో పట్టుకోవచ్చు. నిన్న ఒక పిల్లి వేశాను. పిల్లలు పిల్లే అన్నారు.

నువ్వు నాకు ఆగస్టులోనే చెప్పి ఉండాల్సింది. నేనూ సెప్టెంబరులోనే చెప్పి ఉండాల్సింది. ఈ రెండూ సమానమని నాకు అనిపించడం లేదు, అనిపించేదాకా అనిపించినట్టు నటించను. కొంత పోయింది, కొంత ఇంకా ఉంది.

ఆదివారం ఆరాధన అయ్యాక నేను గోడ దగ్గరే ఉంటాను. పాత చీరొకటి తెచ్చుకో, రంగు పడితే పోదు. పై వరస నాకు అందడం లేదు, నువ్వు నాకంటే పొడుగు.

క్రిస్టీనా